మహమ్మారియు, ప్రవేశపత్రమును

1892వ సంవత్సరము ఆగస్టు నెల ముగియుచున్న వేళ న్యూయార్కు రేవు వెలుపల "మొరావియా" అను ఆవిరి ఓడ లంగరు వేసినది. జర్మనీలోని హాంబర్గు రేవు నుండి బీద వలసజనులను మోసికొని వచ్చిన ఓడ అది. నడిసముద్రములో నుండగనే 22 మంది కన్నుమూసిరి. వారిలో పెక్కుమంది పసివారు. కళేబరములను సముద్రమునకే అప్పగించి, తక్కినవారు తీరమును కన్నులార చూచుచు ఓడలోనే నిలిచిపోయిరి. వచ్చిన రోగము కలరా.

ఆ వేసవిలో హాంబర్గు నగరము కలరాతో తల్లడిల్లుచుండెను. కొన్ని వారములలో అచ్చట సుమారు 8,600 మంది మరణించిరి. ఆ నగరమువారు ఎల్బ నది నీటిని వడపోయకయే గొట్టములలోనికి వదలెడివారు. దానిని ఆనుకొనియే యున్న ఆల్టొనా పట్టణమువారు అదే నది నీటిని ఇసుకలో వడగట్టి వాడుకొనెడివారు. రెండు ఊళ్ళకును నడుమ వీథి ఒక్కటే. ఒక ప్రక్క ఇండ్లలో పాడెలు లేచుచుండగా, రెండవ ప్రక్క ఇండ్లవారు చాలవరకు క్షేమముగా నుండిరి. అంతకు ఎనిమిదేండ్ల ముందు కలకత్తాలో చెరువు నీటిని పరిశోధించి కలరా సూక్ష్మజీవిని గుర్తించిన రాబర్టు కోహ్ పండితుడు హాంబర్గునకు వచ్చి, ఈ చిత్రమును స్వయముగా చూచెను. దోషము నీటిదని తేలిపోయినది. అయినను నింద మాత్రము రష్యా నుండి ప్రాణములు అరచేత పట్టుకొని ఆ రేవుమీదుగా అమెరికాకు పోవుచున్న యూదుల నెత్తిన పడినది. పరదేశి నెత్తికి నింద తేలికగా అంటుకొనును.

ఆ కాలమున అమెరికాలో రేవుల నిర్బంధము ఆయా రాష్ట్రముల అధికారములోని విషయము. వలసజనులను రావలదని శాసించుటకు కేంద్ర ప్రభుత్వమునకు స్పష్టమైన చట్టబలము లేదు. సెప్టెంబరు 1వ తేదీన అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సమ్మతితో కేంద్ర ఆరోగ్యాధికారి ఒక చిన్న ఉత్తరువు వెలువరించెను. వలసజనులను తెచ్చు ఓడ ఏదైనను 20 దినములు రేవు వెలుపల నిలిచిన పిమ్మటనే లోనికి రావలెనని దాని సారాంశము.

ఈ ఇరువది యను సంఖ్య ఎచ్చటిది? 1377లో రగూసా రేవువారు రోగపీడిత ప్రదేశముల నుండి వచ్చువారిని ముప్పది దినములు వేరుగా నుంచిరి. అది తరువాత నలువది యైనది. క్వారంటైన్ అను మాటకు మూలము ఆ నలువదియే. కాని కలరా సోకినవానికి రోగలక్షణములు బయటపడుటకు అయిదు దినములకంటె ఎక్కువ పట్టదు. వైద్యుని గడియారము అయిదు దినములు చూపుచుండగా ప్రభుత్వపు గడియారము ఇరువది చూపినదన్నమాట. ఆ అదనపు దినములు రోగము కొరకు కావు. వందలకొలది ప్రయాణికులకు మూడు వారములు రేవు వెలుపల అన్నము పెట్టుచు, ఓడను ఊరక నిలిపియుంచినచో ఏ కంపెనీకిని గిట్టదు. ఓడల యజమానులు లెక్క వేసికొని, అడుగు అంతస్తు టిక్కెట్టులను అమ్ముట మానివేసిరి. వలసను నిషేధించితిమని ఎవరును నోట పలుకలేదు, కాని వలస నిలిచిపోయినది.

ఉత్తరువులోని ఒక్క మాటను గమనింపుడు. అది "వలసజనులను తెచ్చు ఓడలకు" వర్తించును. పై అంతస్తు గదులలో ధనికులను మాత్రమే తెచ్చు ఓడకు ఆ ఇరువది దినములు లేవు. రోగము టిక్కెట్టు వెల చూచి ఎక్కునా అని అడిగినవారు లేకపోలేదు. "నార్మేనియా" అను మేటి ఓడలో పై అంతస్తువారును చిక్కుపడిరి. వారిలో ఒక శాసనసభ్యుడును, గాడ్కిన్ అను ప్రసిద్ధ పత్రికాధిపతియు నుండిరి. అందువలన వారి మొర దేశమంతట వినబడినది. వారి కొరకు న్యూయార్కు గవర్నరు ఫైర్ ఐలండు అను దీవిలో ఒక పెద్ద హోటలునే కొనెను. ఆ దీవి ప్రాంతమువారు తుపాకులు పట్టి ఒడ్డున అడ్డుగా నిలువగా, సైనికులను పంపి ప్రయాణికులను దింపవలసి వచ్చెను. గాడ్కిన్ తన కష్టములను గూర్చి పత్రికలో దీర్ఘవ్యాసము వ్రాసెను. అడుగు అంతస్తులోని తల్లులు వ్రాసిన వ్యాసము ఏదియు లేదు.

ఆ సంవత్సరము న్యూయార్కు నగరములో కలరాచే మరణించినవారు పదిమందికి లోపలే. అది రేవు వైద్యుల జాగరూకత వలన కొంత, శీతకాలము సమీపించుట వలన కొంత. రోగము పోయినది. చట్టము మాత్రము అప్పుడే పుట్టినది. 1893 ఫిబ్రవరి 15వ తేదీన అమెరికా కాంగ్రెసు ఒక నిర్బంధ చట్టమును చేసినది. దాని ఏడవ నిబంధన ప్రకారము, పరదేశమున అంటువ్యాధి ఉన్నదనియు, దాని వలన ప్రమాదము కలదనియు తోచినచో, ఆ దేశమునుండి మనుష్యులు గాని సరకులు గాని రాకుండ అధ్యక్షుడు నిలుపవచ్చును. కలరా తగ్గుటచే ఆ నిబంధనతో వెంటనే పనిపడలేదు. అది చట్టగ్రంథములో మడత విప్పని గొడుగువలె పడియుండెను. 1929లో చైనా, ఫిలిప్పీను దీవుల నుండి వచ్చువారిని మెదడుపొరల జ్వరము పేరిట కట్టడి చేయుటకు హూవరు అధ్యక్షుడు దానిని విప్పెను. 1944లో ప్రజారోగ్య చట్టమును క్రొత్తగా కూర్చినపుడు దానికి మరియొక గదిలో చోటిచ్చిరి. దానిని అచ్చటనే విడిచి, కొంత వెనుకకు పోయి, పడమటి తీరమున జరిగిన ఒక కథను చెప్పవలసియున్నది. అందులో మన దేశమునకును ఒక చిన్న భాగము కలదు.

1900 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు చైనావారి పేటలో ఒకడు ప్లేగు లక్షణములతో మరణించెను. వెంటనే ఆ పేట చుట్టును త్రాళ్ళు కట్టి పోలీసులను నిలిపిరి. త్రాడు వీథివెంబడి తిన్నగా పోక, తెల్లవారి దుకాణములు వచ్చినచోట వంకర తిరిగి వానిని వెలుపల విడిచినది. మే నెలలో మరియొక ఉత్తరువు వచ్చినది. చైనావారు గాని జపానువారు గాని నగరము విడిచి పోదలచినచో హాఫ్‌కిన్ టీకా వేయించుకొన్నట్లు ధ్రువపత్రము చూపవలెను. పత్రము లేనివారికి రైలు టిక్కెట్టు ఈయరాదు. ఆ హాఫ్‌కిన్ మరెవరో కాదు, అంతకు మూడేండ్ల ముందు బొంబాయి ప్లేగులో, గ్రాంటు వైద్యకళాశాలలోని ఒక చిన్న గదిలో ఆ టీకాను తయారుచేసి, మొదట తన శరీరముమీదనే ప్రయోగించుకొన్న పండితుడు. బొంబాయిలో ప్రాణరక్షణకై పుట్టిన మందు పసిఫిక్ తీరమున మనిషి జాతిని చూచి అడుగు సెలవుచీటి యైనది.

చైనావారు ఊరకుండలేదు. వర్తకుడొకడు న్యాయస్థానమునకు పోయెను. మే 28వ తేదీన మారో న్యాయమూర్తి ఆ ఉత్తరువును కొట్టివేసెను. ప్లేగు చైనావారికే సోకుననుటకు నిదర్శనమేదని ఆయన ప్రశ్నించెను. జూన్ 15వ తేదీన పేట చుట్టు కట్టిన త్రాళ్ళనుగూడ తీసివేయించెను. అమెరికా రాజ్యాంగపు 14వ సవరణ సమాన రక్షణను "పౌరునికి" అని వ్రాయక "వ్యక్తికి" అని వ్రాసినందున ఆ తీర్పు సాధ్యమైనది. ఆ దేశపు గడ్డమీద నిలిచియున్న పరదేశి కూడ వ్యక్తియే. గడ్డమీద నిలిచియున్న అను ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. వాకిటికి ఇవతల నున్నవానికి ఆ రక్షణ అంతగా అందదు. ఇక చెప్పబోవు కథ యంతయు ఆ గడపకు సంబంధించినది.

2020 మార్చి 20వ తేదీన రెండు పనులు ఒక్కనాడే జరిగినవి. 1893 నాటి ఆ గొడుగును, 1944 చట్టపు గదిలోనుండి తీసి, అమెరికా ఆరోగ్యశాఖవారు దక్షిణపు సరిహద్దున విప్పిరి. ఆశ్రయము కోరి వచ్చినవారిని సైతము విచారణ లేకుండ వెనుకకు పంపుటకు అది సాధనమైనది. మూడేండ్లలో అట్లు త్రిప్పి పంపిన సందర్భములు 28 లక్షలకు మించినవి. 2023 మే 11వ తేదీ వరకు అది ముడువబడలేదు. రెండవ పని, అదే దినమున ప్రపంచమందలి అమెరికా రాయబార కార్యాలయములన్నియు సాధారణమైన వీసాల పనిని నిలిపివేయుట. హైదరాబాదులో 2008 నుండి అప్పటివరకు పైగా ప్యాలెసులో నడచుచుండిన కాన్సలేటు తలుపును మూతపడినది. మొదటిది మనవారికి అంతగా తగులలేదు. రెండవది తెలుగుదేశపు పల్లెలవరకు తగిలినది.

ఎందుకనగా, హెచ్-1బి అను తాత్కాలికోద్యోగ అనుమతిని పొందువారిలో ప్రతి పదిమందికి ఏడుగురికంటె ఎక్కువ భారతీయులే. అందు తెలుగువారి పాలు ఎంతటిదో మన వీథులలో ఏ ఇంటిని అడిగినను చెప్పుదురు. ఈ అనుమతిలో రెండు భాగములు కలవు. దేశములో నివసించి ఒకానొక యజమాని వద్ద పనిచేయు హక్కు ఒకటి. దానిని నివాసస్థితి యందము. వెలుపలికి పోయి మరల గడప దాటుటకు పాసుపోర్టులో వేయు ముద్ర రెండవది. వీసా యనునది నిజమునకు ఇదియే. స్థితి ఆరేండ్లు చెల్లుచుండగా ముద్ర మూడేండ్లకే చెల్లిపోవచ్చును. లోపల నున్నంతకాలము ముద్రతో పనిలేదు. ఊరికి వచ్చినచో మాత్రము క్రొత్త ముద్ర వేయించుకొననిదే తిరిగి పోరాదు. 2004వరకు ఆ ముద్రను అమెరికాలోనే తపాలా ద్వారా వేయించుకొను వీలుండెను. 2001 నాటి దాడుల పిమ్మట వ్రేలిముద్రలు తప్పనిసరియగుటతో ఆ కిటికీని మూసిరి. ఆ మూత ఒక మహమ్మారి వేళ ఎవరి పాలిట ఏమగునో ఆనాడు తలచినవారు లేరు.

ఒక కుటుంబమును ఊహింతము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. డల్లాసులో ఇంజనీరుగా నున్న ఒక గుంటూరు యువకునికి 2020 మార్చి మొదటివారములో తండ్రి పోయినట్లు తంతి వంటి ఫోను వచ్చినది. పాసుపోర్టులోని ముద్ర అప్పటికే చెల్లిపోయినది. పెద్దకర్మ ముగించి హైదరాబాదులో ముద్ర వేయించుకొని నెలాఖరుకు తిరిగి పోదునని, భార్యను, అమెరికాలోనే పుట్టిన మూడేండ్ల కుమార్తెను అచ్చటనే యుంచి బయలుదేరెను. కర్మ ముగియకముందే కాన్సలేటు మూతపడినది. మార్చి 22వ తేదీన అంతర్జాతీయ విమానములు నిలిచినవి. మూడు దినములకు దేశమంతయు తలుపులు వేసికొన్నది. ఇంతవరకు జరిగినది రోగము వలననే యని ఒప్పుకొందము. ఏ ప్రభుత్వమునైనను దానికి తప్పుపట్టుట న్యాయము కాదు.

జూన్ 22వ తేదీన వెలువడిన అధ్యక్ష ప్రకటన వేరు జాతికి చెందినది. జూన్ 24నాటికి దేశము వెలుపల నుండి, చెల్లుబాటగు ముద్ర లేని హెచ్-1బి ఉద్యోగులును, మరికొన్ని తరగతులవారును, వారి భార్యాబిడ్డలును డిసెంబరు 31వరకు రారాదని అది శాసించినది. కారణముగా చూపినది అంటువ్యాధి కాదు. మహమ్మారిచే ఉద్యోగములు పోయినవి గనుక పరదేశులు వచ్చినచో స్వదేశీయులకు పోటీ యగుదురని చెప్పిరి. 1892లో రోగమును పేర్కొని వలసను ఆపిరి. 2020లో ఆ ముసుగునైనను వేసికొనలేదు. మన గుంటూరు యువకుడు క్రొత్తగా ఉద్యోగము వెదకుకొనుటకు వచ్చినవాడు కాడు. అతని కుర్చీ డల్లాసులో అతని కొరకే యున్నది. అతని కుమార్తె అమెరికా పౌరురాలు. ఆ ప్రకటనలో పౌరుల భార్యకు, భర్తకు, బిడ్డకు మినహాయింపు కలదు, పౌరుల తండ్రికి లేదు. మూడేండ్ల పిల్ల పౌరసత్వము ఆమెకు గడప దాటుటకు పనికివచ్చును గాని తండ్రిని పిలుచుకొనుటకు పనికిరాలేదు.

ఆగస్టు 12వ తేదీన కొంత సడలింపు చేసిరి. అదే యజమాని వద్ద అదే ఉద్యోగమునకు మరల పోవువారు మినహాయింపు అడుగవచ్చునట. అడుగుటకైనను కాన్సలేటు తలుపు తెరచి యుండవలెను గదా! అక్టోబరు 1వ తేదీన కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి ఆ ప్రకటనను నిలిపివేసెను. కాని దావా వేసిన సంఘములలో సభ్యులైన కంపెనీలకే ఆ తీర్పు వర్తించినది. డిసెంబరు 31న ముగియవలసిన నిషేధమును 2021 మార్చి 31వరకు పొడిగించిరి. అది ముగిసిన నెలకే మన దేశమున రెండవ విజృంభణము వచ్చినది. మే 4వ తేదీ నుండి భారతదేశము నుండి వచ్చువారిమీద అమెరికా వేరొక కట్టడిని విధించినది. అందులో మాత్రము పౌరులైన పిల్లల తల్లిదండ్రులను మినహాయించిరి. మన యువకునికి 2021 వేసవిలో ముద్ర దొరకినదనుకొందము. నెలాఖరుకు పోవుదునన్నవాడు ఏడాది దాటిన పిమ్మట పోయెను. పిల్ల అప్పటికి నాన్నను ఫోనులోని మనిషిగనే ఎరుగును.

ఇక డల్లాసులో నున్న ఆ భార్య సంగతి. భర్త స్థితిని ఆశ్రయించి నిలుచునది ఆమె స్థితి. భర్త మరణించినచో ఆ స్థితియు అతనితోనే పోవును. కోవిడు వార్డులలో పనిచేసిన పరదేశి వైద్యుల కుటుంబములను ఆ భయము రాత్రింబవళ్ళు వెన్నాడినది. ఆమెకు పనిచేయుటకు వేరొక కార్డు కావలెను. దాని గడువు పొడిగించుటకు ఆనాడు వ్రేలిముద్రలీయవలసి యుండెను. వ్రేలిముద్రలు తీసికొను కేంద్రములు మార్చి 18నే మూతపడినవి. మరికొందరి విషయములో ఇంకను విచిత్రము జరిగినది. దరఖాస్తు మంజూరైనది, మంజూరైనట్లు లేఖయు వచ్చినది. కార్డు మాత్రము రాలేదు. అచ్చువేయు ఒప్పందము ముగిసి, వేలకొలది కార్డులు యంత్రము ఎదుట నిలిచిపోయినవి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెతకు ఇంతకంటె నిండైన ఉదాహరణము దొరకదు. ఒహైయో రాష్ట్రపు కేంద్ర న్యాయస్థానములో దావా వేసిన పిమ్మట, ఆగస్టులో, మంజూరు లేఖనే కార్డుగా చూపవచ్చునని ఒప్పుకొనిరి.

ఉద్యోగము పోయినవారి గతి వేరు. 2017 జనవరి నుండి అమలులోనున్న నియమము ప్రకారము హెచ్-1బి ఉద్యోగి పని పోయిన పిమ్మట 60 దినములు దేశములో నుండవచ్చును. ఆలోగా వేరొక యజమాని దొరకవలెను, లేదా స్థితి మార్చుకొనవలెను, లేదా వెడలిపోవలెను. మామూలు రోజులలో ఇది కష్టమైనను అసాధ్యము కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగము నూటికి 14కు మించియుండెను. ఉద్యోగమిచ్చువాడు లేడు. పోదమన్న విమానము లేదు. భారత ప్రభుత్వము "వందే భారత్" పేరిట విమానములు మొదలుపెట్టినది మే 7వ తేదీననే. 60 దినముల గడువును 180 చేయుడని మొరపెట్టిరి. అందరికిని వర్తించునట్లు పొడిగింపు రాలేదు. ఆలస్యమైనచో కారణము వ్రాసికొనుడు, ఒక్కొక్కరి సంగతి చూచెదమని మాత్రము చెప్పిరి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

విద్యార్థుల కథ మాత్రము త్వరగా ముగిసినది. జూలై 6వ తేదీన, పాఠములన్నియు ఇంటినుండియే వినువారు దేశములో నుండరాదని ఒక సూచన వెలువడినది. ఆ విద్యాసంవత్సరమునకు ముందు లెక్కలో భారతీయ విద్యార్థులు సుమారు 1,93,000 మంది. హార్వర్డు, మసాచుసెట్సు విద్యాసంస్థలు రెండు దినములకే న్యాయస్థానమునకు పోయినవి. 14వ తేదీన ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొన్నది. వీరు గడ్డమీద నిలిచియున్నవారు. అడుగుటకు పెద్ద విశ్వవిద్యాలయములు వెనుక నున్నవి. గడపకు ఇవతల నున్న గుంటూరు మనిషికి ఈ రెండును లేవు.

తప్పంతయు పరాయి ప్రభుత్వముమీద నెట్టుట సత్యము కాదు. మన ప్రభుత్వమును 2020 మార్చి 13 నుండి, కొన్ని తరగతులు తప్ప, విదేశీయులకిచ్చిన వీసాలన్నిటిని నిలిపినది. విదేశములలోని భారతీయ సంతతివారికిచ్చు ఓ.సి.ఐ. కార్డు జీవితాంతము వీసా లేకుండ వచ్చిపోవు హక్కు నిచ్చునని చెప్పిన కార్డు. ఆ హక్కును గూడ ప్రక్కన పెట్టిరి. ఉద్యోగము పోయి, 60 దినములు ముగియవచ్చుచుండగా "వందే భారత్" విమానమునకు వచ్చిన దంపతులకు సీటు కలదు, వారు భారత పౌరులు. చంకలోని బిడ్డకు లేదు, వాడు అమెరికా పౌరుడు. మే 22వ తేదీన ఆ నియమమును సడలించువరకు కొందరు విమానాశ్రయము నుండి వెనుకకు మరలిపోయిరి. ఒక దేశము తండ్రిని పోవలదన్నది, ఒక దేశము బిడ్డను రావలదన్నది.

కువైటులోని మనవారి అవస్థ దీనికి తక్కువది కాదు. కడప, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనులకు, వాహనములు నడపుటకు పోయినవారు అచ్చట పెక్కుమంది. నివాసపత్రములు లేనివారు జరిమానా లేకుండ వెడలిపోవచ్చునని 2020 ఏప్రిల్ నెలలో కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది. వెడలిపోవుటకు పేరిచ్చిన భారతీయులు శిబిరములలో చేరిరి. మన విమానాశ్రయములు మూసియుండుటచే వారు వారములకొలది ఆ శిబిరములలోనే పడియుండవలసి వచ్చెను. పొమ్మన్నవాడు టిక్కెట్టుతో సహా పొమ్మన్నాడు. రావలసిన ఇంటి తలుపు గడియ వేసియున్నది.

వేరొక మార్గము లేకపోయెనా అని అడుగవచ్చును. పోర్చుగలు దేశము ఆ మార్చి నెలలోనే, తమ వద్ద దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూచుచున్న పరదేశులందరును జూలై 1వరకు అనుమతి పొందినవారితో సమానమని ప్రకటించినది. వైద్యమునకు, జీతమునకు, అద్దె ఒప్పందమునకు ఆ దరఖాస్తు రశీదే చాలునన్నది. కార్యాలయము మూసినవారు ప్రభుత్వమువారు గనుక గడువు మీరిన దోషము దరఖాస్తుదారునిది కాదని వారి తర్కము. చిన్న దేశము, అచ్చటి సంఖ్యలు చిన్నవి అనవచ్చును. కాని ఆ ప్రకటనకు కావలసినది ధనము కాదు, ఒక కాగితము మాత్రమే.

మూతపడిన కార్యాలయముల వలన మరియొక వింత నష్టము కలిగినది. అమెరికాలో శాశ్వత నివాసమునకు ఏటేట ఇంతమందికని పరిమితి కలదు. కాన్సలేటులు మూసియుండుటచేతను, ఏప్రిల్‌లో వచ్చిన మరియొక ప్రకటన చేతను, 2020లో అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, పిల్లలకు ఈయవలసిన వీసాలు 1,22,000కు పైగా మిగిలిపోయినవి. చట్టము ప్రకారము అవి మరుసటి సంవత్సరము ఉద్యోగుల పద్దులో చేరినవి. 1,40,000 గా నుండు ఆ పద్దు 2,62,288 యైనది. ఏండ్ల తరబడి వరుసలో నిలిచిన భారతీయ ఉద్యోగులకు ఇది తలవని తలంపుగా వచ్చిన పంట. కాని పంటను కోయుటకు కార్యాలయములలో చేతులు చాలలేదు. 2021 సెప్టెంబరు 30వ తేదీ అర్ధరాత్రికి 66,000కు పైగా వీసాలు ఎవరికిని చెందక మురిగిపోయినవి. అన్నదమ్ముల వద్దనుండి తీసినవి, ఉద్యోగుల చేతికిని పూర్తిగా అందలేదు. వరుసలో నుండగనే 21 ఏండ్లు నిండి, తల్లిదండ్రుల దరఖాస్తునుండి జారిపోయిన పిల్లలును కలరు. మహమ్మారి కాలమున కార్యాలయములు ఆగినవి, పిల్లల వయస్సు ఆగలేదు.

రోగము తగ్గిన పిమ్మట వరుస తగ్గలేదు. 2022 నవంబరులో, అమెరికాలోని బిడ్డలను చూచి రాదలచి మొదటిసారి సందర్శక వీసా కోరువారికి హైదరాబాదు కాన్సలేటు చూపిన నిరీక్షణ కాలము 900 దినములు దాటియుండెను. మొరావియా ఓడను నిలిపిన ఉత్తరువులోని సంఖ్య 20. కోడలి ప్రసవమునకు పోదలచిన అత్తగారు ఆనాడు దరఖాస్తు పెట్టినచో, ఆమెకు పిలుపు వచ్చునప్పటికి మనుమడు మాటలు నేర్చి పరుగులెత్తుచుండును.

2004లో మూసిన ఆ తపాలా కిటికీని 2024 జనవరి 29వ తేదీన పరీక్షార్థము తెరచిరి. 20,000 దరఖాస్తులకు, ఏప్రిల్ మొదటి తేదీవరకు మాత్రమే అవకాశము. భారతదేశములో ముద్ర వేయించుకొన్నవారిలో 2021 ఫిబ్రవరి, సెప్టెంబరు నెలల నడుమ పొందినవారికే అర్హత. మన గుంటూరు ఇంజనీరునకు ముద్ర దొరకిన వేసవి ఆ నెలలలోనిదే. అతడు పాసుపోర్టును డల్లాసు నుండి తపాలాలో పంపి, కొన్ని వారములకు ముద్రతో తిరిగి పొంది, మరుసటి ఏటి తండ్రి ఆబ్దికమునకు గుంటూరు టిక్కెట్టు కొనియుండవచ్చును.